నిప్పులో అచ్చయిన వార్తలు

ఇంగ్లండులో పాత సామాను అమ్మే దుకాణాల్లో ఒక రకం పింగాణీ మగ్గులు ఇప్పటికీ కనిపిస్తాయి. వాటి మీద ఒక రాజు బొమ్మ, చుట్టూ జెండాలు, పైన కిరీటం ఉంటాయి. ఎనిమిదవ ఎడ్వర్డ్ రాజుకు 1937 మే 12న పట్టాభిషేకం అని వాటిమీద రాసి ఉంటుంది. చరిత్ర పుస్తకం తీసి చూడండి. ఆ రోజున లండనులో పట్టాభిషేకం జరిగిన మాట నిజమే. కాని కిరీటం పెట్టుకున్నది ఎడ్వర్డ్ కాదు, అతని తమ్ముడు ఆరవ జార్జి!

సంగతేమిటంటే, ఎడ్వర్డ్ 1936 జనవరిలో రాజయ్యాడు. పట్టాభిషేకానికి ముహూర్తం ముందుగానే ప్రకటించారు. పింగాణీ కార్ఖానాలవాళ్లు ఆలస్యం చేయకుండా మగ్గులూ, పళ్లేలూ లక్షణంగా తయారుచేసి పెట్టుకున్నారు. ఇంతలో 1936 డిసెంబరులో ఎడ్వర్డ్ రాజ్యం వదులుకున్నాడు. తేదీ మారలేదు, రాజు మారాడు. మగ్గులు మాత్రం మిగిలిపోయాయి. జరగని సంఘటనకు అవి గుర్తులు!

మగ్గు మీద రాసి ఉంది గనక అది జరిగిందని నమ్మవచ్చా? నమ్మకూడదని తేలిపోయింది గదా! అయితే ఆ మగ్గు పనికిరాని వస్తువా? అదీ కాదు. 1936లో జనం ఏమి జరుగుతుందని ఎదురుచూశారో ఆ మగ్గు చెబుతున్నది. నాయకుల బొమ్మలు, రాజకీయ నినాదాలు ఉన్న పాత పింగాణీ పాత్రలను ఈ విధంగా చదవటం ఒక విద్య. ఆ విద్యకు చరిత్ర ఎంత అవసరమో రసాయన శాస్త్రం అంత అవసరం. అదెలాగో చూద్దాం.

కుండ, జాడీ, పింగాణీ

మన ఇళ్లలో మంచినీళ్ల కుండ చెమరుస్తుంది. ఆవకాయ జాడీ చెమర్చదు, నూనె బయటికి రాదు. రెండూ మట్టివే. తేడా ఎక్కడున్నది? కుండ గోడలో కంటికి కనపడని సన్నని రంధ్రాలు ఎన్నో ఉంటాయి. జాడీకి లోపలా బయటా ఒక గాజుపూత ఉంటుంది. ఆ పూత నిజంగా గాజే. ఇసుకలో ఉండే సిలికా, దానిని త్వరగా కరిగించే మరొక పదార్థం కలిసి, బట్టీ వేడికి కరిగి, చల్లారినప్పుడు పలుచని గాజుపొరగా గట్టిపడతాయి.

సిలికా తనంతట తాను కరగాలంటే సుమారు 1,700 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావాలి. పాతకాలపు బట్టీల్లో అంత వేడి సాధ్యం కాదు. అందుకని సీసపు సమ్మేళనాలు కలిపేవారు. సీసం కలిస్తే సుమారు 1,000 డిగ్రీలకే చక్కగా కరిగి, నున్నగా మెరిసే పూత వస్తుంది. ఈ సీసం సంగతి గుర్తు పెట్టుకోండి. దానితో మనకు మళ్లీ పని పడుతుంది.

ఇంగ్లండు నడిమి భాగంలో స్టాఫర్డ్‌షైర్ అనే సీమ ఉంది. అక్కడ స్టోక్, బర్స్‌లెం, హాన్లీ మొదలైన ఊళ్లు కుమ్మరి పనికి పేరు మోశాయి. అక్కడి నేలలో బొగ్గు ఉంది, ఎర్రమట్టి ఉంది. కాని ఎర్రమట్టి పాత్ర మీద బొమ్మ తేటగా కనిపించదు. తెల్లకాగితం లేనిదే పుస్తకం అచ్చు వేయలేనట్లు, తెల్లని పాత్ర లేనిదే బొమ్మ అచ్చు వేయలేరు. 18వ శతాబ్దంలో అక్కడి కుమ్మరులు దక్షిణాది నుంచి తెల్లగా కాలే బంకమట్టి తెప్పించుకున్నారు. చెకుముకి రాయిని కాల్చి పొడిచేసి అందులో కలిపారు. అలా వచ్చిన మీగడ రంగు పాత్రలు 1760ల నాటికి బాగా వాడుకలోకి వచ్చాయి. ఈ పనిలో అందరికన్నా పేరు పొందినవాడు జొసయా వెడ్జ్‌వుడ్. జీవపరిణామ సిద్ధాంతం చెప్పిన ఛార్లెస్ డార్విన్‌కు ఆయన తల్లివైపు తాత.

వెడ్జ్‌వుడ్ ఉత్త వ్యాపారి కాడు. బట్టీలో వేడి ఎంత ఉందో కొలవటానికి ఆ రోజుల్లో సాధనం లేదు. పాదరసపు థర్మామీటరు అంత వేడికి నిలవదు. మట్టిని కాల్చినకొద్దీ అది కుంచించుకుపోతుందని కుమ్మరులందరికీ తెలుసు. ఎంత కుంచించుకుపోయిందో కొలిస్తే వేడిని అంచనా కట్టవచ్చునని వెడ్జ్‌వుడ్ ఆలోచించాడు. 1782లో ఆయన ఈ కొలమానాన్ని రాయల్ సొసైటీకి వివరించాడు. ఆ మరుసటి సంవత్సరమే ఆయన ఆ సంస్థకు సభ్యుడయ్యాడు. ఆయన చెప్పిన డిగ్రీలు సరైనవి కావని తరవాత తేలింది. అయినా ఒక బట్టీ వేడిని మరొక బట్టీ వేడితో పోల్చటానికి అది బాగా ఉపయోగపడింది.

కాగితం మీది బొమ్మ కూజా మీదికి

పాత్ర మీద చేత్తో బొమ్మ వేయాలంటే చిత్రకారుడు కావాలి. ఒక్కొక్క పాత్రకూ మళ్లీ మొదటినుంచీ వేయాలి. ధర పెరుగుతుంది. సామాన్యుడు కొనలేడు. ఈ చిక్కు విడిపోయింది అచ్చుతో. లివర్‌పూలు నగరంలో జాన్ శాడ్లర్, గై గ్రీన్ అనే ఇద్దరు 1756 జులై 27న ఆరు గంటల్లో 1,200కు పైగా పింగాణీ పలకల మీద బొమ్మలు అచ్చు వేశామని ప్రమాణపత్రం రాసి ఇచ్చారు. నూరుగురు చిత్రకారులు కూర్చున్నా ఆ వేళకు అన్ని బొమ్మలు వేయలేరని వాళ్లు అన్నారు.

పద్ధతి ఇదీ. ముందు రాగిరేకు మీద బొమ్మను సన్నని గీతలుగా, చుక్కలుగా చెక్కుతారు. రేకును వెచ్చచేసి, లోహపు ఆక్సైడు కలిపిన నూనె రంగు పూస్తారు. పైపైన ఉన్న రంగు తుడిచేస్తే, చెక్కిన గాళ్లలో మాత్రం రంగు మిగులుతుంది. పలుచని కాగితం దాని మీద వేసి యంత్రంలో నొక్కితే బొమ్మ కాగితానికి అంటుకుంటుంది. రంగు ఆరకముందే ఆ కాగితాన్ని పాత్రకు అంటించి, గట్టి కుచ్చుతో రుద్దుతారు. తరవాత నీళ్లలో ముంచితే కాగితం ఊడివస్తుంది. నూనె రంగు నీళ్లకు కరగదు గనక పాత్రను అంటిపెట్టుకుని ఉంటుంది.

ఇక్కడ ఒక తమాషా ఉంది. పుస్తకం అచ్చు వేసేటప్పుడు సీసపు అక్షరాలు అద్దంలో కనిపించినట్లు తిరగబడి ఉండాలి. అప్పుడే కాగితం మీద అక్షరం సరిగా పడుతుంది. మరి పాత్రల కోసం చెక్కిన రాగిరేకు మీద అక్షరాలు ఎలా ఉండాలి? కొంచెం ఆలోచించండి. రేకు నుంచి కాగితానికి వచ్చినప్పుడు అక్షరం ఒకసారి తిరగబడుతుంది. కాగితం నుంచి పాత్రకు వచ్చినప్పుడు రెండోసారి తిరగబడుతుంది. రెండుసార్లు తిరగబడితే మళ్లీ మొదటిలాగే ఉంటుంది. కాబట్టి చెక్కేవాడు అక్షరాలను మామూలుగానే చెక్కాలి!

మొదట్లో బొమ్మను గాజుపూత మీద వేసి, సుమారు 700, 800 డిగ్రీల తక్కువ వేడిలో కాల్చేవారు. రంగు పూతకు అంటుకునేది గాని, ఏళ్ల తరబడి తోమితే అరిగిపోయేది. 18వ శతాబ్దం చివరికి బొమ్మను పూత కింద వేయటం బాగా వ్యాపించింది. ముందు ఉత్త మట్టిపాత్రను సుమారు 1,100 డిగ్రీలలో కాలుస్తారు. ఇది తొలికాల్పు. దాని మీద బొమ్మ అచ్చు వేసి, కొద్దిగా వేడిచేసి నూనె పోగొడతారు. తరవాత గాజుపూత ద్రవంలో ముంచి మళ్లీ కాలుస్తారు. ఇప్పుడు బొమ్మ గాజు కింద భద్రంగా ఉంటుంది. దానిని ఎంత తోమినా పోదు.

ఆనాటి పాత్రల మీద నీలం రంగే ఎక్కువ. దానికి కారణం కోబాల్ట్ అనే లోహం. పూత కరిగే వేడికి చాలా రంగులు మాడిపోతాయి, లేదా మారిపోతాయి. కోబాల్ట్ ఆ వేడికి నిలుస్తుంది. కరిగిన గాజులో కలిసిన కోబాల్ట్ అయాన్లు కాంతిలోని పసుపు, ఎరుపు భాగాలను పీల్చుకుంటాయి. మిగిలిన నీలం మన కంటికి చేరుతుంది. చాలా కొద్ది కోబాల్ట్‌తో ముదురు నీలం వస్తుంది.

ఓటు లేనివాడి చేతిలో టీకప్పు

ఇప్పుడు ఈ విద్య రాజకీయాల్లోకి ఎలా వచ్చిందో చూద్దాం. 18వ శతాబ్దంలో ఇంగ్లండులో పార్లమెంటు ఉంది గాని ఓటు ఉన్నవాళ్లు చాలా కొద్దిమంది. ఓటు ఆస్తిని బట్టి వచ్చేది. స్త్రీలకు లేదు, కూలివాళ్లకు లేదు. మాంచెస్టర్ వంటి పెద్ద ఊరికి సొంత ప్రతినిధే లేడు. ఓటు లేనివాడు తన అభిప్రాయం ఎలా చెప్పాలి? వీధిలో కేకలు వేయవచ్చు, గోడమీద రాయవచ్చు. లేదా ఇంట్లో అలమారలో ఒక కూజా పెట్టుకోవచ్చు!

జాన్ విల్క్స్ అనే పార్లమెంటు సభ్యుడు ఒక పత్రిక నడిపేవాడు. 1763లో ఆ పత్రిక 45వ సంచికలో రాజు పార్లమెంటులో చదివిన ఉపన్యాసాన్ని ఘాటుగా విమర్శించాడు. ప్రభుత్వం ఆయనను నిర్బంధించింది. దానితో 45 అనే అంకె స్వేచ్ఛకు గుర్తయిపోయింది. జనం తలుపుల మీద, బండ్ల మీద సుద్దముక్కతో 45 అని రాశారు. కుమ్మరులు ఊరుకుంటారా? టీ కూజాల మీద, పానీయాల గిన్నెల మీద విల్క్స్ బొమ్మ, పక్కన 45 వేసి అమ్మారు. చైనా నుంచి కూడా ఆయన బొమ్మ ఉన్న గిన్నెలు చేయించి తెప్పించుకున్నారు. మిడిల్‌సెక్స్ ఓటర్లు 1768లో ఆయనను ఎన్నుకున్నారు, పార్లమెంటు 1769లో బహిష్కరించింది. మళ్లీ మళ్లీ ఎన్నుకున్నా చేర్చుకోలేదు. చివరకు 1774లో ఆయన లండను మేయరయ్యాడు, పార్లమెంటులో అడుగుపెట్టాడు.

1819 ఆగస్టు 16న మాంచెస్టర్ మైదానంలో సుమారు 60,000 మంది పార్లమెంటు సంస్కరణ కోరుతూ సభ చేశారు. గుర్రపు దళాలు వారి మీదికి కత్తులు దూసి వెళ్లాయి. పదిహేనుమందికి పైగా చనిపోయారు. వందలమంది గాయపడ్డారు. దీనికే పీటర్లూ అని పేరు. ఆ సభలో ప్రధాన వక్త హెన్రీ హంట్. ఆయన బొమ్మతో కూజాలు వచ్చాయి. ఆ మరుసటి ఏడు, 1820లో, కొత్త రాజు నాలుగవ జార్జి తన భార్య కరొలీన్‌ను రాణి హోదా నుంచి తొలగించటానికి పార్లమెంటులో బిల్లు పెట్టించాడు. జనం ఆమె పక్షం నిలిచారు. ఈకల టోపీ పెట్టుకున్న కరొలీన్ బొమ్మ వేలాది పాత్రల మీదికి ఎక్కింది. నవంబరులో ప్రభుత్వం బిల్లును వదులుకోవలసి వచ్చింది.

1832లో సంస్కరణ చట్టం వచ్చింది. ప్రధాని గ్రే, బ్రూమ్, రస్సెల్ వంటి నాయకుల ముఖాలు మగ్గుల మీద, పళ్లేల మీద కనిపించాయి. కొందరు కుమ్మరులు ఆ నాయకుల తలకాయల ఆకారంలోనే మద్యం సీసాలు చేశారు. వీటి గాజుపూత పద్ధతి వేరు. బట్టీ బాగా వేడెక్కాక లోపలికి ఉప్పు చల్లుతారు. ఉప్పులోని సోడియం మట్టిలోని సిలికాతో కలిసి పైన గాజుపొర ఏర్పడుతుంది.

ఆ చట్టంవల్ల స్టోక్ ప్రాంతానికి మొదటిసారిగా ఇద్దరు ప్రతినిధులు లభించారు. ఎవరనుకున్నారు? ఇద్దరూ పింగాణీ కార్ఖానాల యజమానులే! ఒకరు జాన్ డావెన్‌పోర్ట్. రెండోవారు జొసయా వెడ్జ్‌వుడ్ కొడుకు, తండ్రి పేరే ఆయన పేరు. ఈయన డార్విన్‌కు మేనమామ. తరవాత డార్విన్ పెళ్లి చేసుకున్నది ఈ మేనమామ కూతురినే. అయితే వారి కార్ఖానాల్లో మట్టి తొక్కిన కూలికి మాత్రం ఓటు రాలేదు. 1832 తరవాత కూడా ఇంగ్లండులో వయసు వచ్చిన మగవాళ్లలో సుమారు అయిదుగురిలో ఒకరికే ఓటు ఉండేది.

కుమ్మరి ఎవరి పక్షం?

ఇంగ్లండు ప్రభుత్వం అమెరికా వలసల మీద 1765లో స్టాంపు పన్ను వేసింది. వలసల్లో పెద్ద అలజడి లేచింది. 1766లో పన్ను రద్దయింది. ఆ రోజుల నాటి టీ కూజా ఒకటి అమెరికా మ్యూజియంలో ఉంది. దాని మీద స్టాంపు చట్టం వద్దు అన్న అర్థంగల మాటలున్నాయి. దానిని చేసినవారు అమెరికా వాళ్లు కారు, ఇంగ్లండు కుమ్మరులే!

అమెరికా స్వతంత్ర దేశమయ్యాక ఈ వ్యాపారం ఇంకా పెరిగింది. ఇంగ్లండును యుద్ధంలో ఓడించిన జార్జి వాషింగ్టన్ బొమ్మతో లివర్‌పూలులో కూజాలు చేసి ఓడలకెక్కించారు. 1799లో వాషింగ్టన్ చనిపోయినప్పుడు సంతాపపు కూజాలు చేశారు. 1812లో మొదలైన యుద్ధంలో అమెరికా ఓడలు ఇంగ్లండు ఓడలను గెలిచిన దృశ్యాలను సైతం ఇంగ్లండు కుమ్మరులు అచ్చువేసి అమెరికాకు అమ్మారు. కనక పాత్ర మీద ఉన్న అభిమానం చేసినవాడిదని అనుకోకూడదు. అది కొనేవాడిది.

ఈ తొందరలో తప్పులూ దొర్లేవి. బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆకారంలో చేసిన స్టాఫర్డ్‌షైర్ బొమ్మలు కొన్నిటి కింద వాషింగ్టన్ అని రాసి ఉంది. ఫ్రాంక్లిన్ అంటే తెలుసు గదా, పిడుగు విద్యుత్తేనని గాలిపటం సహాయంతో చూపటానికి పూనుకున్న శాస్త్రజ్ఞుడు. ఆయన ముఖం, మరొకరి పేరు!

చిన్న పతకం, పెద్ద ప్రశ్న

పాత్రల మీద ఎక్కువగా గొప్పవారి ముఖాలే ఉండేవి. 1787లో వెడ్జ్‌వుడ్ పేరు కూడా లేని ఒక మనిషి బొమ్మతో పతకం చేయించాడు. మోకాళ్ల మీద నిలిచి, సంకెళ్లు ఉన్న చేతులు జోడించిన నల్లజాతి బానిస బొమ్మ అది. చుట్టూ ఉన్న మాటలకు అర్థం: నేను మనిషిని కానా, సోదరుణ్ణి కానా? బానిసల వ్యాపారం ఆపాలని ఆ ఏడాదే లండనులో ఒక సంఘం ఏర్పడింది. వెడ్జ్‌వుడ్ అందులో సభ్యుడు. పతకాలను ఉచితంగా పంచాడు. 1788లో కొన్నింటిని అమెరికాలో ఫ్రాంక్లిన్‌కు పంపాడు. స్త్రీలు వాటిని గాజుల్లో పొదిగించుకున్నారు, జడపిన్నులుగా పెట్టుకున్నారు. సుమారు మూడు సెంటీమీటర్ల ఆ మట్టిబిళ్ల ఇంటింటికీ ఒక ప్రశ్నను మోసుకుపోయింది.

ఆ బిళ్లకు గాజుపూత లేదు. అది జాస్పర్ అనే గట్టి, నున్నని మట్టి. వెడ్జ్‌వుడ్ వేల ప్రయోగాలు చేసి 1770లలో దానిని సాధించాడు. అందులో ముఖ్యమైన దినుసు బేరియం సల్ఫేటు, అంటే మన ముగ్గురాయి. కడప సీమలోని మంగంపేటలో దొరికే ముగ్గురాయి నిల్వలు ప్రపంచంలోనే పేరు పొందినవి. తెల్లని జాస్పర్ పలక మీద నల్లని బొమ్మను అతికించి కాలిస్తే, రెండు రంగులూ స్పష్టంగా విడివిడిగా నిలుస్తాయి.

1807లో బ్రిటిష్ పార్లమెంటు బానిసల వ్యాపారాన్ని నిషేధించింది. అయినా వెస్టిండీస్ చెరకు తోటల్లో బానిసత్వం సాగుతూనే ఉంది. ఆ చక్కెర కొనమని చాలా కుటుంబాలు పట్టుబట్టాయి. 1820లలో చక్కెర గిన్నెల మీద కొత్త మాట కనిపించింది. ఇది ఈస్టిండియా చక్కెర, బానిసలు చేసినది కాదు అని దాని అర్థం. ఈస్టిండియా అంటే ముఖ్యంగా మన దేశమే.

ఆ మాట ఎంతవరకు నిజం? మన దేశంలో కంపెనీ పాలించే ప్రాంతాల్లోనూ మనుషులను కట్టుబానిసలుగా ఉంచుకోవటం ఉండేది. బానిసత్వాన్ని రద్దుచేస్తూ 1833లో పార్లమెంటు చేసిన చట్టం కంపెనీ రాజ్యానికి వర్తించదని అందులోనే రాశారు. ఇక్కడ దానికి చట్టపు బలం తీసివేసింది 1843 నాటి చట్టం. ఇంకొక సంగతి. 1833 చట్టం ప్రకారం రెండు కోట్ల పౌండ్లు నష్టపరిహారం ఇచ్చారు. ఎవరికి? బానిసలకు కాదు, యజమానులకు! చక్కెర గిన్నె మీది మాటలో మంచి ఉద్దేశం ఉంది, పూర్తి నిజం లేదు. పతకం మీద కూడా బానిస వేడుకుంటున్నట్లే ఉన్నాడు గాని, తన స్వేచ్ఛ కోసం తాను పోరాడుతున్నట్లు లేడు. కాని నిజానికి కరిబియన్ దీవుల్లో బానిసలు తిరుగుబాట్లు చేశారు. 1791లో మొదలైన తిరుగుబాటుతో హైతీ 1804లో స్వతంత్ర దేశమయింది.

స్వేచ్ఛ అని అచ్చువేసిన చేతులు

ఈ పాత్రలను ఎవరు చేశారు? 1841లో స్టాఫర్డ్‌షైర్ కార్ఖానాల్లోని పిల్లల పరిస్థితిని ప్రభుత్వం విచారణ చేయించింది. పదేళ్లు నిండని పిల్లలు కూడా పొద్దున్నుంచి రాత్రిదాకా పని చేసేవారు. తడి పాత్ర ఉన్న అచ్చును ఎత్తుకుని వేడిగదిలోకి పరుగెత్తటం, అక్కడ పెట్టి మళ్లీ పరుగెత్తి రావటం, ఇదే వాళ్ల పని. అచ్చుకాగితాలు కత్తిరించినవారు, పాత్రలకు అంటించినవారు ఎక్కువగా స్త్రీలు, బాలికలు.

పాత్రలను గాజుపూత ద్రవంలో ముంచే పనివారి చేతులు రోజంతా సీసంలో నానేవి. ఆ చేతులతోనే అన్నం తినేవారు. సీసం శరీరంలో చేరితే బయటికి పోవటం చాలా నెమ్మది. కడుపునొప్పి, రక్తహీనత వస్తాయి, చేతులు చచ్చుబడతాయి, మెదడు దెబ్బతింటుంది. చెకుముకి రాతి దుమ్ము పీల్చినవారికి ఊపిరితిత్తుల జబ్బు వచ్చేది. ఆ రాతిని నీళ్లలో నూరితే దుమ్ము లేవదని థామస్ బెన్సన్ అనే ఆయన 1726లోనే పేటెంటు తీసుకున్నాడు. నూరటం వరకు ప్రమాదం తగ్గింది గాని, ఎండిన పొడితో చేసే పనుల్లో మాత్రం తగ్గలేదు. ముడిసీసంతో చేసే గాజుపూతను బ్రిటను 1947లో నిషేధించింది.

ఇందులో మనకూ ఒక హెచ్చరిక ఉంది. ఎక్కడైనా పాత పింగాణీ పాత్ర దొరికితే చూసి ఆనందించండి గాని, అందులో చింతపండు పులుసు, నిమ్మరసం, పచ్చళ్లు పోసి తినకండి. పులుపులోని ఆమ్లాలు గాజుపూతలోని సీసాన్ని కరిగించి ఆహారంలోకి దింపుతాయి.

ఒకే పళ్లెం, రెండు ప్రభుత్వాలు

ఇంతవరకు కుమ్మరులు గిరాకీని బట్టి చేసిన పాత్రలు చూశాం. ప్రభుత్వమే తన ప్రచారానికి పింగాణీని వాడుకుంటే ఎలా ఉంటుంది? దీనికి రష్యా మంచి ఉదాహరణ. అక్కడ జారు చక్రవర్తుల కోసం 1744లో ఒక పింగాణీ కార్ఖానా మొదలైంది. 1917లో విప్లవం వచ్చింది. 1918లో కార్ఖానా కొత్త ప్రభుత్వపరమైంది. గిడ్డంగిలో బొమ్మలు వేయని తెల్లని పళ్లేలు ఎన్నో నిల్వ ఉన్నాయి. సెర్గేయ్ చెహోనిన్ మొదలైన చిత్రకారులు వాటిమీద సుత్తీ కొడవలి, ఎర్ర నక్షత్రం, విప్లవ నినాదాలు చిత్రించారు. మిఖయిల్ ఆడమోవిచ్ వేసిన ఒక పళ్లెం మీద లెనిన్ ముఖం, దాని పక్కన రేషను చీటీ కూడా ఉన్నాయి. అవి కరువు రోజులు మరి!

అటువంటి పళ్లేన్ని తిరగేసి చూస్తే అడుగున జారు చక్రవర్తి ముద్ర ఉంటుంది. ఎందుకంటే ఆ ముద్రను పూత కింద వేసి ఎప్పుడో కాల్చారు. అది గాజు కింద ఉండిపోయింది, చెరపటం సాధ్యం కాదు. కొన్నిటి మీద రంగుతో కప్పేశారు. విప్లవ చిత్రాన్ని మాత్రం పూత మీద వేసి తక్కువ వేడిలో కాల్చారు. భూమి పొరల్లో అడుగుపొర పాతది, పైపొర కొత్తది అని చదువుకున్నారు గదా! పళ్లెం మీదా అంతే. పూత కింద పాత ప్రభుత్వం, పూత మీద కొత్త ప్రభుత్వం.

పాత్రను చదివే పద్ధతి

ఒక పాత కూజా మన చేతికి వచ్చిందనుకోండి. పరిశోధకులు ఏమేమి చూస్తారు?

మొదట మట్టిని, పూతను చూస్తారు. మీగడ రంగు పాత్రలు ముందు వచ్చాయి. తరవాత, 1779 ప్రాంతంలో, పూతలో రవంత కోబాల్ట్ కలిపి తెల్లగా కనిపించేటట్లు చేశారు. బట్టలకు నీలిమందు పెట్టినట్లే ఇది! అటువంటి పాత్ర అడుగు అంచున పూత పేరుకున్నచోట నీలి ఛాయ కనిపిస్తుంది.

రెండోది, భూతద్దంతో అచ్చును చూస్తారు. రాగిరేకు అచ్చులో చేత్తో చెక్కిన గీతలు, ఎగుడుదిగుడు చుక్కలు ఉంటాయి. ఫోటో సాయంతో వేసిన ఈ కాలపు అచ్చులో వరుసలు తీరిన చుక్కలుంటాయి. పూతలో సన్నని పగుళ్లు ఉన్నంత మాత్రాన అది పాతదని చెప్పటానికి లేదు. మట్టి, పూత చల్లారేటప్పుడు ఒకే మేరకు కుంచించుకుపోకపోతే కొత్త పాత్రలోనూ పగుళ్లు వస్తాయి.

మూడోది, అడుగున ఉన్న ముద్ర. అమెరికాకు వచ్చే సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలని అక్కడ 1890లో చట్టం చేశారు. అది 1891లో అమలుకు వచ్చింది. అప్పటినుంచి ఇంగ్లండు పాత్రల మీద దేశం పేరు సాధారణమయింది. వాషింగ్టన్ సంతాపపు కూజా అడుగున ఇంగ్లండు అని అచ్చయి ఉంటే, అది 1800 నాటిది కాదని అనుమానించాలి.

నాలుగోది, సంఘటన తేదీ. తవ్వకాల్లో ఒక పొరలో కరొలీన్ రాణి పాత్రముక్క దొరికితే, ఆ పొర 1820కి ముందుది కాదని తేలుతుంది. తరవాత ఎప్పుడిదైనా కావచ్చు. ముక్క చెప్పేది ముందు హద్దు మాత్రమే.

ఈ నాలుగూ అయ్యాక అయిదో ప్రశ్న వేసుకోవాలి. ఈ మాట ఎవరిది, ఎవరికోసం, ఎవరిని వదిలేసి చెప్పింది? మట్టి, కోబాల్ట్, సీసం అబద్ధం చెప్పవు. వాటితో రాసిన మాటలు చెప్పవచ్చు. పాత్రను చదవటమంటే ఈ రెండిటినీ వేరుచేసి చూడటమే. ఎన్నికల గోడపత్రికను చూసినప్పుడు కూడా ఈ అయిదో ప్రశ్న మీకు ఉపయోగపడుతుంది.

మీరే చేసి చూడండి

మెత్తని పెన్సిలుతో పలుచని కాగితం మీద మీ పేరు ఒత్తుగా రాయండి. దానిని మరొక కాగితం మీద బోర్లించి, వెనుకనుంచి చెంచాతో గట్టిగా రుద్దండి. పేరు తిరగబడి పడుతుంది. ఆ కాగితాన్ని మూడోదాని మీద బోర్లించి మళ్లీ రుద్దండి. మసకగా పడినా, ఈసారి పేరు సరిగా ఉంటుంది. రాగిరేకు, కాగితం, కూజా మీకు అర్థమయినట్లే!

హైదరాబాదు వెళ్లినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరపు పింగాణీ విభాగం తప్పక చూడండి. అందులో వెడ్జ్‌వుడ్ పాత్రలున్నాయి. ప్రతి పాత్ర ముందూ నిలబడి, బొమ్మ పూత కింద ఉన్నదా, పైన ఉన్నదా అని వెలుగులో పక్కనుంచి పరిశీలించండి. పైన ఉన్న రంగు కొద్దిగా ఎత్తుగా కనిపిస్తుంది, కిందిది గాజులో మునిగి ఉంటుంది.

ఈ ప్రశ్నలకు జవాబులు రాయండి.

1. పింగాణీ గాజుపూతలో సీసం ఎందుకు కలిపేవారు? దానివల్ల ఎవరికి నష్టం కలిగింది?
2. పూత కింద వేసే బొమ్మలకు కోబాల్ట్ రంగు ఎందుకు తగినది?
3. ఎడ్వర్డ్ పట్టాభిషేకపు మగ్గు ఒక్కటే మిగిలి, మిగతా ఆధారాలన్నీ పోయి ఉంటే, చరిత్రకారుడు ఏ పొరపాటు చేసి ఉండేవాడు?
4. మీ ఇంట్లో లేదా బడిలో నాయకుల బొమ్మలున్న వస్తువులు ఏమున్నాయి? వాటిని ఎవరు, ఎందుకు చేయించారు?